ఋక్షబిలము నుండి నీలకుహరమునకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



వాల్మీకి రామాయణము కిష్కింధాకాండలో ఒక గుహ కలదు. సీతాన్వేషణకై దక్షిణదిశకు బయలుదేరిన వానరులు ఆకలిదప్పులచే సొమ్మసిల్లి తిరుగుచుండగా, ఒక బిలము నుండి హంసలు, చక్రవాకములు తడిసిన రెక్కలతో, పద్మపరాగముచే ఎఱ్ఱబడిన దేహములతో వెలువడుట కనబడెను. లోపల నీరున్నదని హనుమంతుడు ఊహించెను. అది ఋక్షబిలము. లోన కన్ను పొడిచినను కానరాని చీకటి. వానరులు ఒకరినొకరు పట్టుకొని యోజనము దూరము నడచిరి. తుదకు వెలుగు కనబడెను. స్వయంప్రభ అను తాపసి ఆతిథ్యమిచ్చెను. ఫలములు, మధువు లభించెను. తిరిగి పోవలెనన్నప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. ఆ బిలము ప్రవేశించినవాడు ప్రాణములతో వెలికి వచ్చుట దుర్లభము. ఆమె తన తపోమహిమచే, కన్నులు మూసికొనుడని చెప్పి, వారిని వెలుపల నిలిపెను. అప్పటికి సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయెను.

పురాణము చెప్పువారు ఈ ఘట్టమును త్వరగా ముగించి సంపాతి కథకు పోవుదురు. అది ఈ ఘట్టమునకు జరుగుచున్న అన్యాయము. చొచ్చుట సులభము, వెడలుట కష్టము అనునది సముద్రగర్భములోని గుహలకు అక్షరాల వర్తించును. ఈనాటి ప్రసంగ విషయము ఆ గుహలు, వానిలోనికి దిగు మనుష్యులు. మేడ్చలు, శామీర్‌పేటలకు సముద్రము వందల మైళ్ళ దూరము గదా, దీనితో మనకేమి పని యని యెవరికైన తోచవచ్చును. పని యున్నది. అది క్రమముగా తేలును.

మొదట ఆ గుహలెట్లు పుట్టినవో చూడవలెను. ఉష్ణమండల సముద్రములలో, సూర్యకాంతి చొరగల లోతులేని నీటిలో, పగడపు పురుగులు బ్రదుకును. ఒక్కొక్కటి మిక్కిలి చిన్నది; దాని శరీరములో అంతకన్న సూక్ష్మమైన నాచుమొక్కలు కాపురముండి ఎండను ఆహారముగా మార్చి యిచ్చును. పురుగు తన చుట్టును సున్నపురాతిని కట్టుకొనును. తరములు గతించిన కొలది ఆ రాయి దిబ్బయై, దిబ్బ ద్వీపమంతటిదగును. సున్నపురాయికి ఒక బలహీనత కలదు. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పులుపెక్కి, ఆ రాతిని మెల్లమెల్లగా కరగించును. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, భూమిపై నీరు నేటికన్న ఎక్కువ భాగము మంచుగడ్డలుగా నిలిచియున్న కాలమున, సముద్రమట్టము నేటికన్న సుమారు 120 మీటర్లు క్రిందనుండెను. నేడు నీట మునిగియున్న పగడపు దిబ్బలు నాడు ఎండలో నిలిచిన కొండలు. వానలు వానిని తొలిచి గుహలు చేసినవి. మంచు కరగెను, సముద్రము పొంగెను, గుహలు మునిగెను.

మునుగని గుహ యెట్లుండునో మన తెలుగువారికి చూపనక్కరలేదు. విశాఖ మన్యములోని బొఱ్ఱా, నంద్యాల జిల్లాలోని బెలుము గుహలు సున్నపురాతివే. బెలుము గుహలను 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పేర్కొనెను. దాదాపు నూరేండ్ల పిదప, 1982-83లలో, డేనియల్ గెబోయర్ నాయకత్వమున జర్మనీ దేశస్థులు లోన ప్రాకి కొలతలు తీసిరి. మూడు కిలోమీటర్లకు పైబడిన ఆ గుహలో అడుగున పాతాళగంగ యను చోట నీరు కలదు. పైకప్పు నుండి మఱ్ఱియూడలవలె సున్నపుకంబములు వ్రేలాడుచుండును. నీరు బొట్టుబొట్టుగా రాలిననే గాని అట్టి ఊడ దిగదు. కావున సముద్రము క్రింద ఎచ్చటనైన అట్టి ఊడ కనబడినచో, ఒకనాడు ఆ చోట గాలి యుండెనని అర్థము.

మధ్య అమెరికాలోని బెలీజు దేశతీరమునకు దూరముగా, లైట్‌హౌస్ అను పగడపు దిబ్బ నడుమ, సరిగా ఇట్టి సాక్ష్యమే దొరకినది. లేత పచ్చని నీటి మధ్య గుండ్రముగా, ముదురు నీలమున, ఒక గొయ్యి కలదు. వెడల్పు 300 మీటర్లకు పైన, లోతు సుమారు 124 మీటర్లు. దానికి మహా నీలకుహరమని పేరు. ఫ్రెంచి నావికుడు జాక్ ఈవ్ కూస్తో తన కాలిప్సో ఓడతో 1971లో అచ్చట దిగి, గోడల లోపలి చూరుల నుండి వ్రేలాడు సున్నపుటూడలను చూచెను. అనగా అది కప్పు కూలిన గుహ. 1996లో ఆ దిబ్బలన్నియు ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినవి. 2018 డిసెంబరులో కూస్తో మనుమడు ఫాబియన్ మున్నగువారు చిన్న జలాంతర్గామిలో అడుగు వరకు పోయిరి. సుమారు 90 మీటర్ల వద్ద ఆ నీటిలో ఒక విషవాయువు తెరవలె పఱచుకొని యున్నది: క్రుళ్ళిన గ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు. దాని క్రింద ప్రాణవాయువు లేదు. పైనుండి జారిపడిన శంఖపు నత్తలు మరల గోడ నెక్కలేక అడుగున చచ్చి పడియున్నవి. ఈ విషవాయువు సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.

అంత దూరమేల, మన దేశమునకే చెందిన అండమాను దీవులలో పగడపు దిబ్బలు విస్తారముగా నున్నవి. అచ్చట తెలుగు పలుకువారు తక్కువవారు కారు. ఉత్తరాంధ్ర తీరము నుండి పోయిన బెస్తవారు అచ్చటనే కాపురములేర్పరచుకొనిరి. అంతకు పూర్వము, 1922-24 నాటి రంప పితూరీ పిదప, అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందరు ద్వీపాంతరవాస శిక్షపై పోయినదియు అచ్చటికే. హేవ్‌లాక్ ద్వీపమునకు 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మారినది. అందు ఈ జలావగాహన విద్య నేర్పు శాలలు కలవు. విశాఖపట్టణము చెంత ఋషికొండ తీరమునను నేర్పుచున్నారు. అండమానులో బారాటంగ్ ద్వీపపు సున్నపుగుహలు మాత్రము నేలపైననే యున్నవి. మడ అడవుల నడుమ పడవపై పోయి చూడవచ్చును. నీరు మిక్కిలి వేడెక్కిన 1998, 2010, 2016 సంవత్సరములలో అచ్చటి పగడములు లోని నాచును కోల్పోయి తెల్లబారినవి. చూడబోవువారు పగడమును చేత ముట్టరాదను నియమము మర్యాద కొరకు పెట్టినది కాదు. ఒక చేయి తగిలిన చోట అనేక సంవత్సరముల కట్టడము విరుగును.

ఇక మనుష్యుడు అచ్చటికెట్లు పోవుచున్నాడు? దుర్యోధనుడు జలస్తంభన విద్యచే ద్వైపాయన హ్రదమున దాగెనని తిక్కన సోమయాజి శల్యపర్వమున చదివినవారే అందఱును. అట్టి మంత్రము లేనివారికి గాలి మోసికొనిపోవుట తప్ప వేఱు గతి లేదు. ఆ యంత్రము పుట్టుక సముద్రములో కాదు, గనిలో జరిగినదనుట చాలమందికి తెలియదు. ఫ్రాన్సు దేశమున బెనువా రూకెరోల్ అను గనుల ఇంజనీరు, విషవాయువు నిండిన సొరంగములలో చిక్కినవారిని రక్షించుటకై, కావలసినంత గాలినే కావలసినప్పుడు విడుచు ఒక మీటను 1860లో చేసెను. దెనెరూజ్ అను నౌకాదళోద్యోగి తోడుపడగా 1864లో అది నీటిలోనికి దిగినది. జూల్స్ వెర్న్ 1870 నాటి తన సముద్రగర్భ నవలలో వీపున గాలి మోయు మనుష్యులను వర్ణించుటకు ఈ యంత్రమే ఆధారము. తరువాత 1943లో, కూస్తో, ఎమిల్ గన్యాన్ అను ఇంజనీరు కలిసి నేటి రూపమునకు తెచ్చిరి. దీనినే స్కూబా యందురు. నీటిలో శ్వాసించు స్వంత పరికరము అను అర్థమిచ్చు ఆంగ్లపదముల తొలి అక్షరముల కూర్పు అది.

యంత్రము దొరకినంత మాత్రమున నీరు తన ధర్మము మానదు. ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు బరువు అదనముగా మీద పడును. పైన ఒకటి, 10 మీటర్ల వద్ద రెండు, 30 మీటర్ల వద్ద నాలుగు. ఆ బరువున గాలి అంతకంతకు నొక్కుకొనును. 10 మీటర్ల వద్ద రొమ్ము నిండ పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినవాని రొమ్ములోని గాలి రెండింతలై ఊపిరితిత్తులు పగులును. అందుచే శ్వాస ఆపరాదనునది ఈ విద్యకు మొదటి అక్షరము. మఱియొకటి: లోతున నత్రజని రక్తములో కరగును. గోళీసోడాలో గోళీని త్రోసినంతనే నురుగు పొంగినట్లు, త్వరపడి పైకి వచ్చినవాని దేహమున ఆ వాయువు బుడగలు కట్టి కీళ్ళను, నరములను పట్టును. ఎంతసేపు దిగిన ఎచ్చటెచ్చట ఆగుచు రావలెనో జాన్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు 1908లో పట్టికలు వేసి చూపెను.

లెక్క తెలిసినవారికి ఇచ్చట రుచి పుట్టును. ఒక సీసాలో 12 లీటర్ల చోటు. అందు 200 వాతావరణముల బరువున గాలి నింపుదురు. అనగా 2,400 లీటర్ల గాలి. ఈదుచున్నవాడు నిమిషమునకు సుమారు 20 లీటర్లు పీల్చునని కొందము. నీటిపై 120 నిమిషములు వచ్చును. 10 మీటర్ల వద్ద 60. 30 మీటర్ల వద్ద, ప్రతి శ్వాసయు నాలుగింతల గాలిని తినును గనుక, 30 నిమిషములే. బయలు సముద్రమున గాలి ముగియవచ్చిన, పైకి పోవు దారి ఎల్లప్పుడును తెఱచియే యుండును. గుహలో నెత్తిమీద రాయి. వచ్చిన దారిననే పోవలెను. కాళ్ళ కదలికచే అడుగున నున్న ఒండ్రు లేచి కమ్ముకొనినచో చేతిలోని దీపము గోడవలె తెల్లగా మెఱయును గాని దారి చూపదు. అందుచే గుహలో దిగువారు ద్వారము నుండి తెగని దారము విప్పుకొనుచు పోవుదురు. ఋక్షబిలమున వానరులు ఒకరినొకరు పట్టుకొనుటకును దీనికిని భేదము లేదు.

దారము కన్న కఠినమైనది మూడవవంతు నియమము. గాలిలో మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మూడవవంతు నిల్వకు. పై లెక్క ప్రకారము 30 మీటర్ల లోతున లోనికి పోవుటకు పది నిమిషములే. ఇంత పిసినారితనమేలనని పడుచువారు నవ్వుదురు. నవ్వక కొంచెము కూడికలు వేసి చూడవలెను. ఇద్దఱు పోయిరి. కొసకు చేరుసరికి ఒక్కొక్కని వద్ద 1,600 లీటర్లు కలదు. సరిగా ఆ కొసనే ఒకని యంత్రము చెడినది. ఒక్క సీసాపై ఇద్దఱు మరలవలెను, ఒక్కొక్కనికి 800. మొత్తము 1,600. జమకు ఖర్చు చెల్లు! ఒక్క పైస మిగులు లేదు. పైగా ఇది బెదరని మనుష్యుని లెక్క. బెదరినవాడు రెండింతలు పీల్చును. నిల్వ యని పేరు పెట్టిన ఆ మూడవవంతు వాస్తవముగా తోటివాని సొమ్ము.

ఈ నియమములను ప్రమాదములను పరిశోధించి 1979లో చిన్న పుస్తకముగా వ్రాసినవాడు అమెరికా దేశస్థుడు షెక్ ఎక్స్‌లీ. ఆ పుస్తకము చదివి బ్రదికినవారు పెక్కుమంది. ఆయన 1994లో మెక్సికోలోని సకాతోన్ అను అగాధమైన నీటికుహరములో మరణించెను.

నియమములు పుట్టకముందు జరిగిన ఒక కథ ఇంతకన్న బోధకరము. 1946 ఆగష్టులో కూస్తో, ఆయన మిత్రుడు ద్యుమా, ఫ్రాన్సులోని వాక్లూజు ఊటలో దిగిరి. అది కొండ అడుగున నున్న నీటిగుహ; ఏటేట ఒక ఋతువున పొంగి ప్రవహించును. ఇద్దఱిని త్రాడు కలిపియుంచెను. మఱియొక పొడవైన త్రాటిని పైన మోరీస్ ఫార్గ్ అను సహచరుడు పట్టియుండెను. ఇన్ని సార్లు గుంజిన త్రాడు వదలుము, ఇన్ని సార్లు గుంజిన పైకి లాగుము అని ముందే సంకేతములేర్పడినవి. సుమారు 45 మీటర్ల లోతున ఇద్దఱి బుద్ధియు మొద్దుబారెను. ఏమి చేయవచ్చితిమో మఱచిరి. ద్యుమా నోటి గొట్టమును పట్టు తప్పి సొమ్మసిల్లసాగెను. కూస్తో త్రాటిని గుంజెను. పైనున్న ఫార్గ్ అది త్రాడు వదలుమను సంకేతమనుకొని వదలెను. మరల గుంజ, మరల వదలెను. ప్రాణము కొఱకు లాగుచున్నవాని మీదికి త్రాడు కుప్పలుగా వచ్చి పడుచుండెను! తుదకు, ఇంత త్రాడు పోవుట వింతగా నున్నదని ఫార్గుకు సందేహము కలిగి, సంకేతము సంగతి విడిచి, బలముకొలది లాగెను. ఇద్దఱును బ్రదికిరి. అదే దినమున వేఱొక జంట దిగి అట్లే మత్తిల్లి వచ్చిరి.

లోతున నత్రజని కొంత మత్తెక్కించుట వారికి తెలియనిది కాదు. ఇది అంతకు మించినది. ఇంటికి పోయి సీసాలలోని గాలిని పరీక్షింపగా గుట్టు బయటపడినది. సీసాలు నింపిన డీజెలు యంత్రము తన పొగను తానే మరల పీల్చి గాలితో కలిపినది. కార్బన్ మోనాక్సైడు రెండువేలలో ఒక వంతు కలదు. నేలపై అది తలనొప్పితో పోవునేమో. 50 మీటర్ల లోతున ఆఱింతల బలమున పనిచేయును. కొండగుహలో, అంత నీటి క్రింద, వారిని చంపబోయినది నీరు కాదు, గుహ కాదు. ఒడ్డున పెట్టిన ఇంజను పొగ.

ఇప్పుడు మన నేలకు రావచ్చును. మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతము నల్లరాతి నేల. ఆ రాయి వాననీటికి కరగదు. ఇచ్చట గుండ్ల నడుమ సందులే గాని బెలుము వంటి గుహలు పుట్టవు. అయినను నెత్తిమీద రాయి, క్రింద నీరు గల చోట్లు మనుష్యులే త్రవ్వినారు: మోటబావులు, దిగుడుబావులు, రాతి క్వారీ గుంతలు. బిందె పడిన పాతాళగరిగె వేయుదుము. గరిగెకు చిక్కనిచో ఈతగాడు దిగును. ఈ బావులకు ఆయిలింజను వచ్చినప్పుడు జరిగినదేమి? పంపు నీటిని పీల్చునది వాతావరణపు బరువు సహాయముననే. ఒక వాతావరణము 10 మీటర్ల నీటికి సమమని పైన చెప్పుకొంటిమి. కావున ఎంత గొప్ప పంపైనను అంతకన్న క్రిందనున్న నీటిని పీల్చలేదు. వాడుకలో ఏడు మీటర్లే కష్టము. నీరు క్రిందికి పోయినకొలది రైతు బావి గోడలో మెట్టు త్రవ్వి ఇంజనునే క్రిందికి దింపెను. దానితో పొగయు దిగినది. కరెంటు మోటార్లు, బోర్లు వచ్చిన పిదప ఈ అలవాటు తగ్గినది గాని పోలేదు. పూడిక తీయునప్పుడు, కరెంటు లేనప్పుడు, ఇంజను మరల బావిలోనికి దిగుచున్నది. అంచుపై నిలిచి పొగగొట్టము బావివైపు తిప్పినను ఫలము ఒకటే.

ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కన్న సుమారు రెండువందల రెట్లు గట్టిగా రక్తమును పట్టును. తల బరువెక్కును, మోకాళ్ళ సత్తువ తప్పును. అప్పటికే మెట్లెక్కు శక్తి పోవును. దీపము దింపి చూచి, అది వెలుగుచున్నది గనుక భయము లేదని దిగు పెద్దలు కలరు. ప్రాణవాయువు చాలనిచో దీపము ఆరును, నిజమే. కాని ఇంజను పొగలోని ఈ విషము మనుష్యుని కూల్చు పాటి యున్నప్పుడును దీపము చక్కగా వెలుగుచుండును. పాడుబావులలో క్రుళ్ళినదాని నుండి పుట్టు వాయువు నీలకుహరములోని దానికి సోదరుడే. మొదట వాసన కొట్టును, మిక్కుటమైనచో ముక్కునే చంపును. వాసన పోయినది గదా యని దిగరాదు. ఒకడు పడగానే అన్న దిగును, అన్న కొఱకు బావమరది దిగును. ఒకే ఇంట రెండు మూడు పాడెలు లేచుట ఇట్లే.

చెఱువు విషయమున పిల్లలకు చెప్పవలసినది మఱియొకటి కలదు. శామీర్‌పేట పెద్ద చెఱువు గట్టునైనను, బావి గట్టునైనను, ఊపిరి పందెము వేయువారు ముందుగా గబగబ పదిసార్లు పీల్చి మునుగుదురు. అట్లు పీల్చుటచే ప్రాణవాయువు పెరుగుట స్వల్పము. బొగ్గుపులుసు వాయువు మాత్రము వెడలిపోవును. పైకి రమ్మని ఉబ్బస పుట్టించునది ఆ వాయువే. అది లేనిచో ఉబ్బస పుట్టకమున్నే, సుఖముగా నున్నదనుకొనుచుండగనే, తెలివి తప్పును. గొప్ప ఈతగాడే మునిగెనేమి యని గట్టుపై ఆశ్చర్యపడుదురు. గొప్ప ఈతగాడు గనుకనే అంత సేపు మునిగెను.

బావిలో దిగవలసి వచ్చినచో చేయదగినది కొద్దియే. ఇంజను గట్టున, పొగ బావికి దూరముగా. పాడుబావియైనచో గాలి ఆడించిన పిదపనే దిగుట. దిగువాని రొమ్మునకు త్రాడు, పైన ఇద్దఱు, సంకేతము ముందే నిర్ణయము, అదియు ఒక్కటే: ఎన్ని సార్లు గుంజినను, అసలు గుంజకున్నను, లాగుటయే. లోన పడినవాని కొఱకు త్రాడు లేనివాడెవడును దిగరాదు. త్రాడున్నవాడును విషవాయువు ఉన్నదని తెలిసిన చోట దిగరాదు, అగ్నిమాపక దళమును పిలువవలెను.

పైనుండి త్రాడు పట్టినవాని పేరు లోకము తలచదు. మోరీస్ ఫార్గ్ కథలో మిగిలినది ఇంత. వాక్లూజు గడచిన మఱుసటి యేడు, 1947లో, సీసా గాలితో మనుష్యుడు ఎంత లోతు పోగలడో చూడవలెనని వారు త్రాటికి అక్కడక్కడ పలకలు కట్టి, దిగినవారు అందిన పలకపై తమ పేరు వ్రాసి రావలెనని నిర్ణయించుకొనిరి. ఈమారు ఫార్గ్ దిగెను, తక్కినవారు పైన పట్టిరి. క్షేమమని తెలుపు గుంజులు కొంతవఱకు వచ్చి, పిదప ఆగెను. ఆగినంతనే లాగిరి. ఆయన నోటి నుండి గొట్టము జారియుండెను. పండ్రెండు గంటలు ప్రయత్నించినను ప్రాణము మరల రాలేదు. త్రాటిని చుట్టి పైకి తీసినప్పుడు 120 మీటర్ల పలకపై ఆయన పొడి అక్షరములు ఉన్నవి.